ఒక్కసారే వచ్చే పిల్లలు



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ డాక్టరు గారిని మీలో చాలామంది ఎరుగుదురు. పొగడ్తలంటే ఆయనకు గిట్టదు కాబట్టి వాటి జోలికి పోను. చర్మవ్యాధులు, సుఖవ్యాధుల వైద్యుడిగా జీవితమంతా పనిచేశారు. బాగా చీకటి పడ్డాక ఆయన దగ్గరకు వచ్చే రోగులు కొందరుండేవారు. లారీ క్లీనర్లు, రిక్షా తొక్కేవాళ్లు, రైల్వే స్టేషన్లో పడుకునే కుర్రాళ్లు. వాళ్ల కోసమే ఆయన క్లినిక్కుకు మూసే వేళంటూ పెట్టుకోలేదు. ‘మీకు నచ్చిన విషయం మీదే మాట్లాడండి’ అని ఈ ఉపన్యాస నిధి నెలకొల్పిన ఆయన కుటుంబసభ్యులు నన్నడిగినప్పుడు, ఆ కుర్రాళ్ల గురించి తప్ప మరో విషయం ఆలోచించలేకపోయాను. ఇల్లూ వాకిలీ లేకుండా స్టేషన్లలో, బస్టాండుల్లో, వంతెనల కింద బతికే పదిహేను నుంచి ఇరవై నాలుగేళ్ల వయసువాళ్లకు లైంగిక ఆరోగ్య పరీక్షలు ఎందుకు అందడం లేదన్నదే ఇవాళ్టి విషయం.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మనిషి మళ్లీ వస్తాడన్న నమ్మకం మీదే మన పరీక్షల ఏర్పాటంతా నిలబడింది. ఇవాళ రక్తం ఇస్తాడు, రేపు రిపోర్టు తీసుకుంటాడు, ఎల్లుండి మందు వేయించుకుంటాడు, మూడు నెలలకు మళ్లీ కనబడతాడు. వీధిలో బతికే కుర్రాడు చాలాసార్లు ఒక్కసారే వస్తాడు. ఆ ఒక్కసారిలో పరీక్ష, ఫలితం, మందు మూడూ అయిపోకపోతే, వాడి వరకు ఆ ఆసుపత్రి లేనట్టే. ‘వాళ్లకు అవగాహన లేదు, భయం, సిగ్గు’ అంటూ మనం రాసుకునే నివేదికలన్నీ అసలు విషయాన్ని పక్కన పెడుతున్నాయి. అవగాహన లేనిది మన ఏర్పాటుకే.

మన బెజవాడ స్టేషన్‌నే తీసుకుందాం. మద్రాసు, హౌరా, ఢిల్లీ, హైదరాబాద్ వైపు పోయే లైన్లు కలిసే జంక్షన్ ఇది. ఇంట్లో తన్నులు తిని రైలెక్కిన పిల్లవాడు ఎక్కడో ఒకచోట దిగాలి, చాలామంది ఇక్కడే దిగుతారు. నవజీవన్ బాలభవన్ లాంటి సంస్థ 1989లో ఈ ఊళ్లో పుట్టడానికి కారణం ఆ పిల్లలే. అలా దిగినవాళ్లలో కొందరు ఇళ్లకు తిరిగి వెళ్లారు, కొందరు హోముల్లో చదువుకుని స్థిరపడ్డారు. మిగిలినవాళ్లు పదహారు, పద్దెనిమిది, ఇరవై ఏళ్లకు వచ్చేసరికి ఊరి పనుల్లో కలిసిపోయారు. ఫంక్షన్ హాల్లో మనం తిని వదిలేసిన ప్లేట్లు తీసేది వాళ్లే. రైలు పెట్టెల్లో చీపురు పట్టేది, నీళ్ల సీసాలు అమ్మేది, ఖాళీ సీసాలు ఏరేది, మార్కెట్లో మూటలు మోసేది, పొద్దున్నే అడ్డా మీద కూలి కోసం నిలబడేది వాళ్లే. రాత్రికి ప్లాట్‌ఫారం చివరో, బస్టాండు వెనకో, కృష్ణ ఘాట్ల మెట్ల మీదో పడుకుంటారు.

2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి ప్రత్యేకంగా లెక్కించారు. దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.45 లక్షలు. ఒక్క రాత్రిలో కంటపడినవాళ్ల లెక్క అది. ఆరోగ్య శాఖ లెక్కల్లోనైతే వీళ్లు ఆ మాత్రం కూడా కనబడరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇంటింటికీ తిరిగి చేసేది, ఇల్లు లేనివాడు అందులో పడడు. ఆశా కార్యకర్త చేతిలో ఉండేది ఇళ్ల జాబితా. హెచ్‌ఐవీ సెంటినెల్ సర్వేలో గర్భిణులున్నారు, సెక్స్ వర్కర్లున్నారు, ఖైదీలున్నారు. వీధి యువత అనే గడి అందులో లేదు. యువతకు హెచ్‌ఐవీ గురించి చెప్పడానికి రెడ్ రిబ్బన్ క్లబ్బులు పెట్టాం, అవి కాలేజీల్లో ఉన్నాయి. 2021 అంచనాల ప్రకారం పెద్దల్లో హెచ్‌ఐవీ దేశ సగటు 0.21 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. జబ్బు సగటు కంటే రెండు మూడు రెట్లు ఉన్న రాష్ట్రాల్లో, ఎక్కువ ప్రమాదంలో బతికే పిల్లలను లెక్కే వేయకుండా వదిలేశాం.

ప్రమాదం ఎక్కువని ఎలా అంటున్నాను? 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి బాలల మీద హింస గురించి ఒక అధ్యయనం వెలువరించింది. వీధి పిల్లలు అందులో ఒక విభాగం. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని 53 శాతం మంది చెప్పారు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. మగపిల్లల్లో కూడా సగానికి పైగా అవుననే చెప్పారు. ఈ సంగతి మన వైద్యులు ఇప్పటికీ మనసుకు ఎక్కించుకోలేదు. స్టేషన్లో పడుకునే పన్నెండేళ్ల కుర్రాణ్ని రాత్రి ఎవరు లేపి తీసుకెళ్తారో ఆ ప్లాట్‌ఫారం మీద అందరికీ తెలుసు. ఆ కుర్రాడే పదిహేడేళ్ల వయసులో క్లినిక్కుకొస్తే మనం అడిగేది ‘ఏ అమ్మాయి దగ్గరకు వెళ్లావు?’ అని. మలద్వారం దగ్గర నొప్పి ఉందా, రసి కారుతోందా అని అడిగే డాక్టర్లను నేను కొద్దిమందినే చూశాను. అడగని ప్రశ్నకు ఏ పిల్లవాడూ తనంతట తాను జవాబు చెప్పడు.

ఇక జబ్బుల సంగతి. సుఖవ్యాధుల్లో పెద్ద చిక్కేమిటంటే వీటిలో చాలావాటికి నొప్పి ఉండదు. క్లమీడియా సోకిన ఆడపిల్లల్లో ఎక్కువమందికి ఏ లక్షణమూ బయటపడదు. సిఫిలిస్ పుండు నొప్పి లేకుండా లేస్తుంది, మూడు నుంచి ఆరు వారాల్లో మందేమీ లేకుండానే మానుతుంది, క్రిమి మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. హెచ్‌ఐవీ ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఉంటుంది. మందులతో పూర్తిగా నయమయ్యే నాలుగు సుఖవ్యాధులు, అంటే క్లమీడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకోమొనియాసిస్ కలిపి 2020లో ప్రపంచం మీద 37.4 కోట్ల కొత్త కేసులు వచ్చాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లక్షణం కనబడ్డప్పుడు చూద్దాంలే అనుకుంటే వీటిలో సగం కూడా దొరకవు. ఏ బాధా లేనప్పుడు చేసే పరీక్షకు అంత విలువ ఉన్నది అందుకే.

లక్షణం కనబడినా వీధిలో దానికి వేరే అర్థం ఉంటుంది. మూత్రంలో మంట పుడితే మన ఇళ్లలో వేడి చేసిందంటాం. సబ్జా గింజలు నానబెట్టుకుంటాం, బార్లీ నీళ్లు తాగుతాం. ప్లాట్‌ఫారం మీది కుర్రాడూ అదే అంటాడు. రాత్రంతా పొయ్యి దగ్గర నిలబడ్డాను కదా, వేడి చేసిందని మజ్జిగ ప్యాకెట్టు తాగుతాడు. కొన్నాళ్లకు మంట దానంతటదే తగ్గినా తగ్గుతుంది. మజ్జిగ పనిచేసిందనుకుంటాడు. అప్పటికే గనేరియా వాడి నుంచి మరొకరికి చేరి ఉంటుంది. ఆడపిల్లలు తెల్లబట్ట అని ఊరుకుంటారు, ఆడవాళ్లందరికీ ఉండేదేగా అని పక్కవాళ్లు సర్దిచెబుతారు. ఇందులో వాళ్లను తప్పుపట్టడానికేమీ లేదు. వాళ్లమ్మలు, మన అమ్మలు చెప్పిన మాటే అది.

ఇక ఆసుపత్రి దాకా వచ్చినవాళ్ల సంగతి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్కుల్లో రంగు కిట్లు ఉంటాయి. రసి కారుతుంటే ఒకటో నంబరు బూడిద రంగు కిట్టు, పుండు ఉంటే మూడో నంబరు తెల్ల కిట్టు, పొత్తికడుపు నొప్పికి ఆరో నంబరు పసుపు కిట్టు. ల్యాబు రిపోర్టు కోసం ఆగకుండా లక్షణాన్ని బట్టి అదే రోజు మందు చేతిలో పెట్టే పద్ధతి ఇది. దీన్ని నేను తక్కువ చేయను. ఎన్నో వేలమందికి మేలు చేసింది. ఒక్క రాకలో పని ముగించడం ఎలాగో మన వ్యవస్థకు తెలుసుననడానికి ఇదే రుజువు. కానీ ఈ కిట్టు లక్షణం ఉన్నవాడికే, ఉన్నా నోరు తెరిచి చెప్పినవాడికే. ఏ బాధా లేని క్లమీడియాకు కిట్టు లేదు.

ఒక కుర్రాడి సంగతి చెబుతాను. పేరు, ఊరు వద్దు. పంతొమ్మిదేళ్లు. క్యాటరింగ్ పనికి వెళ్లేవాడు. పనయ్యేసరికి రాత్రి రెండు దాటేది. మా కార్యకర్త ఒకావిడ నెలల తరబడి పలకరిస్తూ ఉంటే చివరికి ఒకరోజు ఆసుపత్రికి బయల్దేరాడు. ఆ ఆసుపత్రిలో పొద్దున తొమ్మిదింటికి ఓపీ, రక్తం తీసేది పదకొండు దాకా. రాత్రి నిద్ర పోయింది, ఆ రోజు కూలీ పోయింది. ఓపీ కౌంటర్లో ఫోన్ ఉంటే క్యూఆర్ స్కాన్ చేసి టోకెన్ తీసుకోమన్నారు. వీడి ఫోన్ నిద్రలో ఎవరో లాగేశారు. స్టేషన్లో పడుకునేవాళ్లకు ఫోన్ నాలుగు నెలలు నిలిస్తే గొప్ప. సరే, చీటీ రాస్తామన్నారు. తండ్రి పేరు అడిగారు, చెప్పాడు. అడ్రసు అడిగితే స్టేషన్ అన్నాడు. ‘స్టేషన్ అడ్రస్ ఎట్లా అవుతుందిరా?’ అని క్లర్కు గట్టిగా అడిగేసరికి క్యూలో ఉన్నవాళ్లందరూ వీడి వైపు తిరిగారు. మా కార్యకర్త తన ఇంటి అడ్రసు రాయించింది.

రక్తం తీసే గది దగ్గర ఇంకో అడ్డు. సంచీ బయట పెట్టి రమ్మన్నారు. ఆ సంచీలో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, క్యాటరింగ్‌కు వేసుకునే తెల్ల చొక్కా, వాళ్లమ్మ ఫోటో. వాడి ఆస్తంతా అదే. బయట పెడితే ఉండదని వాడికి అనుభవం. పెట్టనన్నాడు. లోపలివాళ్లు విసుక్కున్నారు. మా కార్యకర్త సంచీ పట్టుకుని గుమ్మంలోనే, వాడికి కనబడేటట్టు నిలబడింది. అప్పుడు చెయ్యి చాపాడు. ఇళ్లు లేనివాళ్లకు ఆరోగ్య సేవల గురించి ఎన్నో సమావేశాల్లో కూర్చున్నాను. సంచీ ఎక్కడ పెట్టాలన్న మాట ఒక్కదాంట్లోనూ ఎవరూ ఎత్తలేదు.

హెచ్‌ఐవీ ఫలితం అదే రోజు వచ్చింది, లేదని. సిఫిలిస్‌కు చేసే వీడీఆర్‌ఎల్ రిపోర్టు మర్నాడు పదకొండింటికి రమ్మన్నారు. మర్నాడు వాడు గుంటూరు దగ్గర పెళ్లిలో వడ్డిస్తున్నాడు. ముహూర్తాల రోజులు, పని దొరికినప్పుడే చేసుకోవాలి. రిపోర్టు ‘రియాక్టివ్’ అని వచ్చింది. ఆ కాగితం ల్యాబులో అట్టపెట్టెలో పడి ఉంది. వాడు మళ్లీ మాకు దొరికేసరికి అరచేతుల మీద, అరికాళ్ల మీద మచ్చలొచ్చాయి. తొలిదశ సిఫిలిస్‌కు చాలేది 24 లక్షల యూనిట్ల పెనిడ్యూర్ ఇంజెక్షన్, ఒక్కసారి. వేలి మీద సూది పొడిచి ఒక్క చుక్క రక్తంతో హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెండూ ఇరవై నిమిషాల్లో చూసే ర్యాపిడ్ కిట్లు ఇప్పుడున్నాయి. ఆ మొదటి రోజే, వాడు బల్ల మీద కూర్చుని ఉన్నప్పుడే, పరీక్షా మందూ రెండూ అయిపోయేవి. ఆలస్యమైపోయి జబ్బు ముదిరితే అదే ఇంజెక్షన్ వారం వారం మూడుసార్లు వేయించుకోవాలి. ఒక్కసారి రావడమే కష్టమైనవాణ్ని మన ఆలస్యం వల్ల మూడుసార్లు రమ్మనాల్సి వస్తుంది.

ఇది పద్దెనిమిది దాటినవాడి కథ. దాటనివాళ్లకు ఇంకా పెద్ద అడ్డు ఉంది, అది చట్టం. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

2012లో పోక్సో చట్టం వచ్చింది. పిల్లల మీద లైంగిక నేరాలను మన సమాజం ఎంత కాలంగా కప్పెడుతూ వచ్చిందో తెలిసినవాణ్ని కాబట్టి ఆ చట్టాన్ని మనసారా ఆహ్వానించాను, ఇప్పటికీ అది ఉండాలంటాను. దాని 19వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు వారి మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పద్దెనిమిది లోపు సమ్మతికి చట్టంలో విలువ లేదు. అంటే పదిహేడేళ్ల అమ్మాయికి గనేరియా ఉందని డాక్టరుకు తెలిసిన క్షణం నుంచి ఆయన ముందు రెండు దారులే: పోలీసులకు చెప్పడం, లేదా తానే నేరస్థుడు కావడం. ఆ అమ్మాయి ఎవరితో కలిసి బతుకుతోందో అతనికీ పదిహేడో పద్దెనిమిదో ఉండొచ్చు. ఆమెకు ఆ ఊళ్లో ఉన్న ఆసరా అతనొక్కడే కావచ్చు. డాక్టరు చీటీ రాస్తే అతను జైలుకు, ఆమె హోముకు. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు. సెక్షన్ల నంబర్లు తెలియకపోవచ్చు, ‘ఆసుపత్రికి వెళ్తే పోలీసులొస్తారు’ అన్నది మాత్రం తెలుసు.

దీనికి తోడు సంరక్షకుల సమ్మతి. పద్దెనిమిది లోపు వాళ్లకు హెచ్‌ఐవీ పరీక్ష చేయాలంటే తల్లో తండ్రో సంరక్షకుడో ఒప్పుకోవాలి. ఇంటి నుంచి పారిపోయినవాడు ఎవరి సంతకం తెస్తాడు? తండ్రి కొట్టాడని వచ్చినవాడు తండ్రి సంతకం తేలేడు. 2015 బాలల న్యాయ చట్టం కింద వాడు ‘సంరక్షణ అవసరమైన బాలుడు’. ఇరవై నాలుగు గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. కమిటీ హోముకు పంపొచ్చు, ఇంటికి పంపొచ్చు. పదిహేడో ఏట, అయిదేళ్లుగా తన కూడు తాను సంపాదించుకుంటున్న కుర్రాడికి ఆ రెండూ జైలులాగే అనిపిస్తాయి. రక్త పరీక్షకు వెళ్తే తిరిగి వస్తానో రానో తెలియని చోటికి ఎందుకు వెళ్తాడు? దక్షిణాఫ్రికాలో 2005 నాటి బాలల చట్టం పన్నెండేళ్లు నిండినవాళ్లు తమంతట తామే హెచ్‌ఐవీ పరీక్షకు ఒప్పుకోవచ్చంది. అమెరికాలో అన్ని రాష్ట్రాలూ సుఖవ్యాధుల పరీక్ష, చికిత్సల వరకు మైనర్ల సమ్మతిని ఏదో ఒక రూపంలో అంగీకరిస్తాయి. పిల్లల రక్షణ గురించి వాళ్లకు పట్టింపు లేకకాదు. పరీక్షను నేర విచారణ నుంచి వేరుగా ఉంచారు.

మన సుప్రీంకోర్టు కూడా ఈ దిశగా ఒక అడుగు వేసింది. గర్భస్రావం కోసం వచ్చిన మైనరు విషయంలో, ఆమె, ఆమె సంరక్షకులు కోరితే, డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు వివరాలు రాయనక్కర్లేదని 2022 సెప్టెంబరు 29 నాటి తీర్పులో చెప్పింది. అది గర్భస్రావం వరకే చెప్పిన మాట. సుఖవ్యాధుల పరీక్షకు, సంరక్షకులే లేని పిల్లలకు దాన్ని ఎందుకు విస్తరించకూడదో నాకు అర్థం కాదు. న్యాయవాదులు ఈ సభలో చాలామంది ఉన్నారు. మీరు చేయగల పని ఇది.

పరీక్ష అంటే పట్టుకుపోవడం అన్న భయం ఉత్తగా పుట్టింది కాదు. మన దేశంలో హెచ్‌ఐవీ మొదటిసారి బయటపడింది 1986లో. మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్ మార్గదర్శకత్వంలో నిర్మల అనే విద్యార్థిని ఒక రిమాండ్ హోములో ఉంచిన స్త్రీల రక్తం సేకరించింది. సరైన పరికరాలు కూడా లేకుండా ఆ ఇద్దరూ చేసిన పని వైద్యచరిత్రలో నిలిచిపోయేది, వాళ్ల మీద నాకు ఎనలేని గౌరవం. అయితే ఆ రక్తం దేనికోసమో ఆ స్త్రీలకు ఎవరూ చెప్పలేదు, అప్పటికి ఆ నియమమూ లేదు. 1989లో గోవాలో రక్తదానం చేసిన డొమినిక్ డిసౌజా అనే యువకుడికి హెచ్‌ఐవీ ఉందని తేలగానే పోలీసులు తీసుకెళ్లి 64 రోజులు పాత క్షయ ఆసుపత్రిలో నిర్బంధించారు. సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదని, ఫలితం బయట పెట్టకూడదని చట్టం రావడానికి 2017 దాకా పట్టింది, అమలులోకి వచ్చింది 2018 సెప్టెంబరు 10న. చట్టం వచ్చింది కానీ ఆ భయం ఇంకా పోలేదు.

మరో అడ్డు మన పథకాల అచ్చులోనే ఉంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) నడిపే కార్యక్రమాల్లో సెక్స్ వర్కర్లకు, పురుషులతో సంబంధాలున్న పురుషులకు, ట్రాన్స్‌జెండర్లకు, సూదితో మత్తుమందు తీసుకునేవాళ్లకు, వలస కూలీలకు, లారీ డ్రైవర్లకు వేర్వేరు ఏర్పాట్లున్నాయి. ఆరు నెలలకోసారి పరీక్ష, కండోములు, తోటివాళ్లలోంచే వచ్చిన కార్యకర్త పలకరింపు, అన్నీ ఉన్నాయి. అవి అందాలంటే ముందు ఆ పేర్లలో ఒకటి ఒప్పుకోవాలి. వానాకాలం రాత్రి తడవకుండా పడుకోవడానికి ఎవరి గదికో వెళ్లిన కుర్రాడు తనను తాను ఏ పేరుతోనూ పిలుచుకోడు. బిర్యానీ కోసం, మత్తుకు పీల్చే సొల్యూషన్ ట్యూబు కోసం, ఇంకో పెద్దవాడు కొట్టకుండా కాపాడతాడన్న నమ్మకం కోసం జరిగేవి వాడి దృష్టిలో వృత్తి కాదు, బతుకు. ఏ వర్గంలోనూ చేరనివాళ్ల కోసం ఇటీవల సంపూర్ణ సురక్షా కేంద్రాలు మొదలుపెట్టారు, మంచి ఆలోచన. అవి కూడా ఆసుపత్రి గదుల్లో, పగటి వేళల్లోనే ఉండిపోతే ఉపయోగం సగమే.

ఆడపిల్లల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆడపిల్ల వీధిలో ఎక్కువ కాలం కనబడదు. వచ్చిన కొద్ది రోజుల్లోనే ఎవరో ఒకరి నీడన చేరుతుంది, చేరక తప్పదు. ఆ తర్వాత ఆమె ఆసుపత్రికి వెళ్లాలంటే అతను ఒప్పుకోవాలి. ‘నీకెందుకు పరీక్ష? ఎవడితో తిరిగావు?’ అన్న మాటతో మొదలై దెబ్బలతో ముగుస్తుంది. జబ్బు ఇచ్చింది అతనే అయినా సరే. పైగా క్లినిక్కులో మనం చెప్పే మాట ‘మీ భాగస్వామిని తీసుకురండి’ అని. గర్భం వస్తే తప్ప ఈ అమ్మాయిలు పరీక్షకు రారు, గర్భిణులందరికీ హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు కాబట్టి అప్పుడైనా బయటపడుతుంది. పద్దెనిమిది లోపైతే అదీ తప్పించుకుంటారు, ఎందుకో ఇందాకే చెప్పాను. చికిత్స లేని సిఫిలిస్ కడుపులో బిడ్డను చంపుతుంది. ఆ చావులకు నేను చట్టాన్ని, క్లినిక్కు వేళల్ని కారణాలుగా రాస్తాను.

ఇంట్లోంచి గెంటేసిన ట్రాన్స్‌జెండర్ పిల్లల విషయంలో మన దగ్గరే ఒక మంచి ఉదాహరణ ఉంది. 2021లో హైదరాబాద్ నారాయణగూడలో ‘మిత్ర్’ క్లినిక్ మొదలైంది. ఆ సముదాయం వాళ్లే అక్కడ పనిచేశారు. ఒకే తలుపు లోపల హార్మోన్ల సలహా, మానసిక సలహా, హెచ్‌ఐవీ, సుఖవ్యాధుల పరీక్షలు దొరికేవి. హార్మోన్ల కోసం వచ్చిన అమ్మాయి రక్తం కూడా ఇచ్చి వెళ్లేది. సుఖవ్యాధుల గది అని రాసిన బోర్డు కింద నిలబడాల్సిన పని లేదు. అమెరికా నిధులు ఆగిపోవడంతో 2025 జనవరిలో అది మూతపడింది. తర్వాత టాటా ట్రస్టుల సాయంతో ‘సబ్‌రంగ్’ పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఎక్కడో ఒక దేశంలో పెట్టిన సంతకానికి మన ఊరి పిల్లల పరీక్షలు ఆగిపోవడం నాకు చాలా బాధ కలిగించింది. ఇది మన ప్రభుత్వాలు మన డబ్బుతో చేయాల్సిన పని.

చేయకపోతే ఏమవుతుందో రష్యా చూపించింది. 2006లో సెంట్ పీటర్స్‌బర్గ్‌లో 15 నుంచి 19 ఏళ్ల వీధి యువతను 313 మందిని పరీక్షిస్తే 37.4 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంది. అక్కడ సూదితో మత్తుమందు తీసుకునే అలవాటు ఎక్కువ, ఇక్కడ పీల్చే మత్తు ఎక్కువ, కాబట్టి ఆ అంకెను మనకు తగిలించను. నన్ను పట్టుకున్న విషయం వేరే. పరిశోధకులు పిల్లలున్న చోటికే వెళ్లారు, అందుకే ఆ సంఖ్య బయటికొచ్చింది. ఆసుపత్రిలో కూర్చుని ఎదురుచూసి ఉంటే ఆ నగరం తన పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారనే అనుకుంటూ ఉండేది.

మన దగ్గర వెళ్లాల్సిన చోట్లు తెలిసినవే. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ పెట్టిన నియమం ప్రకారం లక్ష జనాభాకు వందమంది పట్టే ఒక రాత్రి ఆశ్రయం ఉండాలి. ఉన్నవాటిలో రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఒక నర్సు, ఒక కౌన్సిలరు, ర్యాపిడ్ కిట్ల పెట్టె, పెనిడ్యూర్, దాని రియాక్షన్ వస్తే వేసే మందులు, అంత చాలు. క్యాటరింగ్ లేని రోజుల్లో కుర్రాళ్లు అప్పటికే అక్కడ ఉంటారు. పరీక్షకు ముందు అన్నం పెట్టాలి, తర్వాత కాదు. అన్నాన్ని ఎరగా వాడితే నమ్మకం పోతుంది. సంచీలకు తాళం వేసే అరలు నాలుగు ఉండాలి. పేరు బదులు అంకె రాసిన చిన్న కార్డు ఇవ్వాలి, అది పోయినా పుట్టిన ఊరు, అమ్మ పేరులో మొదటి అక్షరం చెబితే రికార్డు దొరకాలి. ప్రతి నెలా అదే నర్సు రావాలి. మనుషులు మారితే కథంతా మొదటి నుంచి చెప్పుకోవాలి, ఆ పిల్లలు చెప్పుకోరు.

క్లమీడియా, గనేరియాల సంగతి కూడా అసాధ్యమేమీ కాదు. క్షయ పరీక్ష కోసం జిల్లా జిల్లాకూ జీన్ఎక్స్‌పర్ట్ యంత్రాలు పెట్టుకున్నాం. అదే యంత్రంలో వేరే కార్ట్రిడ్జ్ పెడితే మూత్రంలోనే ఈ రెండు జబ్బులనూ గంటన్నరలో పట్టుకుంటుంది. రక్తం అక్కర్లేదు, బట్టలు విప్పనక్కర్లేదు. లైంగిక హింస అనుభవించిన పిల్లలకు అది ఎంత పెద్ద ఊరటో వేరే చెప్పనక్కర్లేదు. యంత్రం మనదే, మనుషులు మనవాళ్లే. కొనాల్సింది కార్ట్రిడ్జ్, చేయాల్సింది దానికో బడ్జెట్ పద్దు రాయడం. మొదట రెండు ఊళ్లలో, విజయవాడలో, సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర, ఒక ఏడాది చేసి చూడమని రెండు రాష్ట్రాల ఎయిడ్స్ నియంత్రణ సంస్థలను ఈ వేదిక మీద నుంచి అడుగుతున్నాను.

కమ్యూనిటీ మెడిసిన్ విభాగాల నుంచి వచ్చిన పిల్లలు వెనక వరసల్లో కనబడుతున్నారు. మీ పీజీ థీసిస్‌కు విషయం వెతుక్కుంటూ ఉంటారు. ఆశ్రయంలో పరీక్ష చేయించుకున్నవాళ్లలో ఎంతమందికి అదే రాత్రి మందు అందింది, ఎంతమంది మిగిలిపోయారు, ఎందుకు మిగిలారు అన్న లెక్క నాకు తెలిసి మన దగ్గర ఎవరూ తీయలేదు. గైడు దొరకకపోతే నా దగ్గరకు రండి. ఈ నిధి మీద వచ్చే వడ్డీలో కొంత ఆ పనికి కేటాయించడానికి కుటుంబసభ్యులు ఒప్పుకున్నారు. దరఖాస్తులు నిర్వాహకుల దగ్గర ఉన్నాయి.